పెద్దలకు ధర్మవిద్యయు ఏకాంతధ్యానమును



లోకమునందు ఏ విద్యయైనను బాల్యముతోనే ముగియవలెనని మనలో నెవ్వరును చెప్పరు. న్యాయవాది తల నెరసిన పిమ్మటను క్రొత్త తీర్పులను చదువుచునే యుండును. వైద్యుడు తాను కళాశాలలో నేర్చిన మందులతోనే యావజ్జీవమును చికిత్స చేయుదునని పట్టుపట్టినయెడల రోగు లతని గడప త్రొక్కరు. రైతు సైతము ఏటేట నేలను, విత్తును, వానను క్రొత్తగా పరిశీలించుచునే యుండును. ఒక్క ధర్మవిషయమునందు మాత్రము మనము వేరొక న్యాయమును పాటించుచున్నాము. ఎనిమిదవయేట కంఠస్థము చేసిన ప్రార్థనతోను, పదవయేట విన్న కథతోను, పండ్రెండవయేట పెద్దలు చెప్పిన సమాధానముతోను అరువదియేండ్ల బ్రదుకును నడిపింపవచ్చునని తలంచుచున్నాము.

వానలేని దినములలో ఇంటికప్పునకు గల చిల్లు కనబడదు. సుఖదినములలో ఈ లోపమును అట్లే బయటపడదు. అయితే చేతికెదిగిన బిడ్డ చనిపోవును, అన్నదమ్ములు న్యాయస్థానమున కెక్కుదురు, నమ్మినవాడు మోసగించును, వైద్యుడు పరీక్షాపత్రమును చేతికిచ్చి తలవంచుకొనును. ఆ దినమున మనము చిన్ననాటి సమాధానమును వెదకికొందుము. అది చిన్ననాటి చొక్కావలె మన మేనికి పట్టదు. అప్పుడు మనలో కొందరు, ధర్మమనునది పిల్లల యాట యని దానిని పారవైతురు. మరికొందరు, ఇంకను గట్టిగా దానినే పట్టుకొని, ప్రశ్నించువారిపై కోపగింతురు. నాస్తికుడని యొకనిని, మూఢభక్తుడని మరియొకనిని మనము పిలుచుచున్నాము గాని, ఇరువురి రోగమును ఒక్కటియే. వయస్సుతోపాటు వారి ధర్మము పెరుగలేదు.

దీనికి మందేమి? ఈ ప్రశ్నను క్రైస్తవసంఘములు బహుకాలము నుండి వేసికొని, అనేకవిధములైన ప్రయత్నములు చేసినవి. వానిలో కొన్ని ఫలించినవి, కొన్ని వాడిపోయినవి. సత్యము నెవ్వరు పరీక్షించినను ఆ పరీక్షాఫలము అందరి సొత్తు. కావున నేడు మనము ఆ సంఘములు పెద్దవారికి ధర్మవిద్య గరపిన తీరును, వారిని ఏకాంతధ్యానమునకు గొనిపోయిన తీరును కొంత విచారింతము.

మొదట గమనింపవలసిన దేమనగా, ఆదికాలపు క్రైస్తవసంఘము ముఖ్యముగా పెద్దలకే విద్య గరపినది. బాప్తిస్మము గోరి వచ్చినవారిని కొన్నిచోట్ల మూడేండ్లవరకు శిక్షణలో నుంచుచుండిరి. ఆ శిక్షణ ముగిసినప్పుడు వారు నేర్చిన పాఠమును మాత్రమే యడిగి విడువలేదు. వీరు విధవలను గౌరవించిరా, రోగులను దర్శించిరా యని వారి నడవడిని గూర్చి విచారించిరి. 387వ సంవత్సరమున మిలాను నగరమున బాప్తిస్మము పొందిన అగస్టీను మహాశయుడు అప్పటికి ముప్పదియేండ్లు దాటినవాడు, అలంకారశాస్త్రాచార్యుడు. అట్టివాడును విద్యార్థులలో నొకడై కూర్చుండెను.

ఆయనయే తరువాత బిషప్పై, సుమారు 400వ సంవత్సరమున, కార్తేజి పట్టణమందలి దేవోగ్రాతియాసు అను పరిచారకునికొరకు ఒక చిన్న గ్రంథమును వ్రాసెను. ధర్మమును క్రొత్తగా వినవచ్చిన పెద్దవారికి బోధించునపుడు తన మాటలు తనకే విసుగు పుట్టించుచున్నవని ఆ పరిచారకుడు మొరపెట్టుకొనియుండెను. అగస్టీను ఇచ్చిన సలహా మిక్కిలి సరళమైనది. వినువానియందు ప్రేమయున్నచో పాతమాటయు క్రొత్తదగుననియు, చదువుకొన్నవానికిని చదువురానివానికిని ఒకే తీరున చెప్పరాదనియు, నిలుచుండి విని యలసినవానికి కూర్చుండుటకు పీట వేయవలెననియు ఆయన చెప్పెను. పదునారు వందల యేండ్లక్రింద వ్రాయబడిన యా పీటమాట నేటి బోధకులలో నెందరికి జ్ఞాపకమున్నదో మనము విచారించుకొనవలెను. మనము మన పాండిత్యమును చూచుకొందుము గాని వినువాని కాళ్లనొప్పిని చూడము.

కాలక్రమమున శిశువులకు బాప్తిస్మ మిచ్చుటయే సామాన్యమైనందున పెద్దవారి శిక్షణ సన్నగిల్లెను. పుట్టుకతోనే సంఘమున చేరినవానికి మరల నేర్పవలసిన దేమున్నదని తలంచిరి. ఈ తలంపు ఒక్క క్రైస్తవసంఘమునకే కాదు, ప్రతి సమాజమునకును పట్టు చీడ. తండ్రి పేరుతోపాటు తండ్రి ధర్మమును దస్తావేజుమీద వ్రాయించుకొని, ఆస్తివలె అనుభవింప వచ్చునని మనుష్యు లనుకొందురు. రోమను కథోలిక సంఘము 1962 మొదలు 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభ తరువాత ఈ లోపమును గుర్తించి, పెద్దవారి క్రమశిక్షణను 1972లో మరల స్థాపించెను. పూడిపోయిన బావిని మరల త్రవ్వుట యెన్నడును ఆలస్యము కాదు.

ఇక ఆంగ్లదేశపు వయోజన పాఠశాలలను చూతము. 1798లో నాటింగ్‌హాము పట్టణమున విలియము సింగిల్టను అను మెథడిస్టును, శామ్యూలు ఫాక్సు అను క్వేకరును కలసి, మేజోళ్లు, జల్లివస్త్రములు నేయు కర్మాగారములలో పనిచేయు యువతులకొరకు ఒక పాఠశాలను నడపిరి. బైబిలు చదువుటయు, వ్రాయుటయు, లెక్కలును అచ్చట నేర్పబడినవి. 1845లో జోసెఫు స్టర్జి అను క్వేకరు బర్మింగ్‌హాము నగరమున అట్టి పాఠశాలను స్థాపించెను. శ్రామికులు ఆదివారము తెల్లవారుజాముననే వచ్చి పలకలు పట్టుకొని కూర్చుండెడివారు. ధనికుడైన జార్జి కాడ్‌బరీ ఆ పాఠశాలలో సుమారు అర్ధశతాబ్దము ప్రతి ఆదివారమును పాఠము చెప్పెను. ఆయన కట్టించిన కర్మాగారమును లోకము స్తుతించుచున్నది. కాని శ్రామికుని ప్రక్కన బల్లమీద కూర్చుండి అతని యింటి సంగతులు తెలిసికొనకపోయినచో, శ్రామికులకు గాలి వెలుతురు గల యిండ్లు కావలెనన్న బుద్ధి ఆయనకు పుట్టియుండునా? వయోజనవిద్యలో గురువు శిష్యునికంటె తక్కువ నేర్చుకొనడు.

ఆ క్వేకరులకే శతాబ్ది చివర మరియొక చిక్కు వచ్చెను. డార్విను సిద్ధాంతమును, బైబిలును చరిత్రదృష్టితో పరిశోధించు క్రొత్త పాండిత్యమును విని, వారి యువజనులు కలవరపడిరి. అట్టి సమయమున ఏ సమాజమైనను రెండుమార్గములలో నొకదానిని త్రొక్కును. క్రొత్తవిద్యను తలుపు వెలుపలనే నిలుపుట యొకటి; లోపలికి పిలిచి ఎదుట కూర్చుండబెట్టి మాటలాడుట మరియొకటి. క్వేకరులు 1895లో మాంచెస్టరున సభజేసి రెండవ మార్గమును ఎన్నుకొనిరి. 1897లో స్కార్బరోయందు వేసవి పాఠశాలను జరిపిరి. యువకుడైన జాను విల్‌హెల్ము రౌంట్రీ ఈ యుద్యమమునకు ప్రాణము. తత్ఫలితముగా 1903లో జార్జి కాడ్‌బరీ ఇచ్చిన తన పూర్వగృహమున వుడ్‌బ్రూకు అను నివాసవిద్యాలయము వెలసెను. భాషాపండితుడైన రెండెలు హారిసు దానికి మొదటి విద్యాధ్యక్షుడు. స్త్రీలు, పురుషులు, యువకులు, వృద్ధులు అచ్చట కొన్ని వారములు కలసి వసించి, చదివి, మౌనముగా నారాధించిరి. నూటయిరువది యేండ్లు గడచిన పిమ్మట, 2023లో, ఆ భవనమునందలి నివాసవిద్య ముగిసినది. భవనములకు ఆయుర్దాయ మున్నది. సత్యమునకు భయపడని విశ్వాసము మాత్రము ఏ భవనముతోను కూలదు.

అయితే సోదరులారా, చదువు చాలునా? మనవంటివారికి చదువు కొరతగా లేదు. మన బీరువాలలో ఉపనిషత్తులున్నవి, బైబిలున్నది, ఖురానున్నది, వానిపై వ్యాఖ్యానములు నున్నవి. ఏ మతమును గూర్చియైనను గంటసేపు ప్రసంగింపగలము. కాని మన హృదయము నేడెట్లున్నదని ఒక స్నేహితు డడిగినచో జవాబు చెప్పలేము. అసలు అడుగువాడే లేడు.

ఈ లోటునకు మందు ఒక అప్పుపద్దులో దొరకిన వృత్తాంతము మెథడిస్టు చరిత్రలో నున్నది. 1742లో బ్రిస్టలు నగరమున జాను వెస్లీ అనుచరులు తమ ప్రార్థనామందిరము మీది ఋణమును తీర్చు నుపాయము నాలోచించుచుండిరి. ప్రతి సభ్యుడును వారమున కొక పెన్నీ ఇయ్యవలెనని యొకరనిరి. పేదలు ఇయ్యలేరని మరియొక రనిరి. అప్పుడు ఫాయి అను ఓడకప్తాను లేచి, మిక్కిలి పేదలైన పదునొకండుగురిని తనకు వదలుమనియు, వారమువారమును వారిని తాను చూచి వత్తుననియు, వారియ్యలేనిచో వారి వంతు తానే యిత్తుననియు చెప్పెను. ఇతరులును అట్లే కొందరిని పంచుకొనిరి. పెన్నీలకొరకు గడపగడపకు పోయినవారికి అచ్చట పెన్నీలే కాదు, మనుష్యులు కనబడిరి. ఒక యింట కలహము. ఒక యింట త్రాగుడు. ఒక యింట ఎవ్వరికిని చెప్పుకొనని దుఃఖము. తనకు బహుకాలముగా కావలసినది ఇదియే యని వెస్లీ గ్రహించెను. ఆనాటినుండి పండ్రెండుగురు చొప్పున చిన్న కూటములు ఏర్పడి, ప్రతివారము తమ ఆత్మస్థితిని ఒకరితో నొకరు చెప్పుకొన నారంభించిరి. వేలమంది యెదుట చేయు ప్రసంగము చేయలేని పనిని పండ్రెండుగురు కూర్చున్న వంటయింటిబల్ల చేసినది.

కూటమున మాటలాడుట నేర్చినవాడు ఒంటిగా మౌనముగా నుండుటయు నేర్వవలెను. ఆంగ్లమున రిట్రీటు అని పిలువబడు ఏకాంతధ్యానము ఇందుకొరకే యేర్పడినది. దీనికి శాస్త్రము వ్రాసినవారిలో ఇగ్నేషియసు లొయోలా ముఖ్యుడు. ఆయన స్పెయిను దేశపు యోధుడు. 1521లో పాంప్లోనా కోటయందు ఫిరంగిగుండు తగిలి కాలు విరిగి, ఇంట మంచము పట్టెను. వీరగాథలు చదువుకొన గోరెను; అవి యా యింట లేకపోవుటచే క్రీస్తు చరిత్రమును, భక్తుల చరిత్రములును తెచ్చియిచ్చిరి. పడుకొని పగటికలలు కనుచు ఆయన ఒక సూక్ష్మవిషయమును కనిపెట్టెను. కీర్తిని గూర్చిన కలలు కనుచున్నంతసేపు తీయగా నుండి, ముగిసినవెంటనే మనస్సును ఎండగట్టి పోవుచున్నవి. భక్తులవలె జీవింపవలెనన్న తలంపులో, ముగిసిన పిమ్మటను శాంతి నిలిచి యుండుచున్నది. ఈ భేదమును గుర్తించుటయే ఆయన సాధనకు బీజము.

మరుసటి యేట మాన్రేసా యను నూర కొన్ని మాసములు తపస్సుచేసి, తన యనుభవములను వ్రాసికొనసాగెను. ఆ గ్రంథమునకు 1548లో మూడవ పాలు పోపు ఆమోద మిచ్చెను. నాలుగు వారములుగా విభజింపబడిన యా సాధనలో మొదటిది తన పాపమును చూచుకొనుట. రెండవది క్రీస్తు జీవితమును ధ్యానించుట. మూడవది ఆయన శ్రమలను, నాలుగవది ఆయన పునరుత్థానమును ధ్యానించుట. మన మిక్కడ ముఖ్యముగా గ్రహింపవలసినవి ఆయన బోధకులకు చేసిన రెండు హెచ్చరికలు. సాధకుని ఈ వైపునకో ఆ వైపునకో త్రోయవలదనియు, సృష్టికర్తకును జీవునికిని నడుమ తక్కెడముల్లువలె నిష్పక్షముగా నిలువవలెననియు ఒకటి. నెలదినములు పని మానుకొనలేని గృహస్థునకు దినమునకు గంటన్నర చొప్పున ఇంటియొద్దనే యీ సాధన జరిపింపవలెనని రెండవది. గురువు దేవునికి అడ్డు రాకూడదు. పేదరికము సాధనకు అడ్డు కాకూడదు. ఈ రెండు సూత్రములను మరచిన ఏ యాశ్రమమైనను చెరసాలయో విలాసమందిరమో కాకమానదు.

మన దేశమున జరిగిన యొక ప్రయత్నమును చెప్పుదుము. 1930లో ఈ. స్టాన్లీ జోన్సు అను మెథడిస్టు బోధకుడు కుమావూను కొండలలో సాత్‌తాలు సరస్సుల యొద్ద ఒక క్రైస్తవాశ్రమమును స్థాపించెను. అచ్చటికి వచ్చినవారు మొదటి యుదయమున తామెందులకు వచ్చిరో, తమ అసలు కొరత యేమో దాపరికము లేక చెప్పుకొనుట నియమము. బిషప్పైనను, ఉద్యోగియైనను, విద్యార్థియైనను అందరును తమ కొరతను చెప్పుకొనవలసినదే. అంతకంటె గొప్ప నియమము మరియొకటి. వారమున కొకదినము పాకీపని చేయువానికి సెలవిచ్చి, అతని పనిని ఆశ్రమవాసులే చేయుచుండిరి. ధ్యానమున కన్నులు మూసికొని సర్వమానవులు సోదరులని తలంచుట సులభము. మరుగుదొడ్డి కడుగుటకు చీపురు చేతబట్టినపుడు ఆ సోదరత్వము చేతులలోనికి వచ్చినదో లేదో తెలియును.

తెలుగుదేశమునను ఈ విషయమున గొప్ప సాక్ష్యము కలదు. 1912లో బిషప్పై దోర్నకల్లు సంఘమును పాలించిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు. ఆయన సంఘములలో మాల మాదిగ కుటుంబములవారే అధికసంఖ్యాకులు. అక్షరజ్ఞాన మెన్నడును అందనివారు అనేకులు. అట్టి పెద్దవారికి పాటలతోను, కంఠపాఠముతోను ధర్మమును నేర్పిరి. బాప్తిస్మము పొందువారు తమ చేతులను తలలపై నుంచుకొని, తాము విన్న శుభవార్తను ఇతరులకు చెప్పుదుమని ప్రతిజ్ఞ చేయు నాచారమును అజరయ్యగారు నెలకొల్పిరి. ఇతరులు అంటరాదని చెప్పిన చేతులను తమ తలలపై తామే యుంచుకొని, నేర్చినవారందరును నేర్పువారే యని వారు చాటిరి. ఆ దృశ్యమును తలంచుకొన్నపుడు, ఎన్నియో గ్రంథములు చదివి ఒక్కరికిని ఒక్క మాటయు అందింపని మనము సిగ్గుపడవలదా?

ఇన్ని మేలులు చెప్పినపిమ్మట కీడులను దాచరాదు. ఏకాంతధ్యానము విహారయాత్రగా మారుట కలదు. కొండచల్లదనము, మంచి భోజనము, మధురమైన ప్రసంగము, మూడుదినముల నిశ్చింత. ఇవి దేహమునకు హితములే గాని, వానిని దైవదర్శనమని భ్రమింపరాదు. మరికొన్నిచోట్ల పాటలతోను కేకలతోను మనస్సును కరగించి, ఆ కరగిన క్షణమున ప్రతిజ్ఞలు చేయింతురు. ఇంటికి పోయినంతనే మనస్సు మరల గడ్డకట్టును. ప్రతిజ్ఞ భంగమైన సిగ్గు మాత్రము మిగులును. ఇక నేటి మనుష్యుడు జేబులో ఫోను పెట్టుకొని ఏకాంతమునకు పోవుచున్నాడు. వేయిమంది గొంతులను వెంటగొనిపోవువానికి ఏకాంత మెక్కడిది?

వీనికంటె పెద్ద ప్రశ్న యొకటి కలదు. మనము దానిని తప్పించుకొనరాదు. గృహయజమాని మూడుదినములు ధ్యానమునకు పోయినపుడు, ఇంట పిల్లలకు అన్నము పెట్టువా రెవరు? ముసలి అత్తగారికి మందిచ్చువా రెవరు? అతని భార్య. ఆమె యెప్పుడు ధ్యానమునకు పోవును? ఆమె పోయినపుడు అతడు పొయ్యి ముట్టించునా? ధ్యానమందిరమున వంటచేయు స్త్రీలు ప్రసంగమును విందురా, లేక గిన్నెలు తోముచు గోడవెనుకనుండి ఆ చప్పుడును మాత్రమే విందురా? దినకూలి మూడుదినముల కూలి పోగొట్టుకొని వచ్చునా? ఏ సంఘముయొక్క ఏకాంతధ్యానము తీరికగల పురుషులకే అందుచున్నదో, ఆ సంఘము దేవుని పేర మరియొక అగ్రహారమును కట్టుచున్నది. కప్తాను ఫాయి తక్కినవారి పెన్నీని తానిచ్చినట్లు, తీరికగలవారు తీరికలేనివారికి తమ తీరికను దానము చేయవలెను. భార్యను పంపి భర్త ఇల్లు చూచుట ఒక ధ్యానము. కూలివాని కూలిని సంఘమే చెల్లించి అతనిని పిలుచుట ఒక ఆరాధన.

కావున మనము చేయదగినదేమి? గొప్ప భవనము లక్కరలేదు. పదిపండ్రెండుగురు స్త్రీపురుషులు వారమునకొకమారు ఒక యింట గూడుదురు గాక. సగముకాలము ఒక సద్గ్రంథమును నిర్భయముగా విచారింతురు గాక. తెలియనిది తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుందురు గాక. తక్కిన సగము, ఆ వారమున తమ కోపము, లోభము, భయము ఎట్లున్నవో ఒకరితో నొకరు నమ్మకముగా చెప్పుకొందురు గాక. అక్కడ విన్నమాట గడప దాటకుండునుగాక. ప్రతిదినము కొంతసేపు ఫోనును వేరొక గదిలో నుంచి మౌనముగా కూర్చుందురు గాక. ఏటికొకమారు రెండుమూడుదినములు అందరును కలసి ఏకాంతమునకు పోవుదురు గాక; అచ్చట వంటయు, పాత్రలు తోముటయు, మరుగుదొడ్డి కడుగుటయు వంతులవారిగా అందరును చేయుదురు గాక.

పోయివచ్చిన పిమ్మట ఫలమును ఎట్లు కొలుచుదుము? అచ్చట ఎన్ని కన్నీళ్లు వచ్చినవో లెక్కింపనక్కరలేదు. తిరిగివచ్చిన మరునాడు ఇంటి పనిమనిషితో మాటలాడు గొంతు మారినదా? కచేరిలో కాగితము కదలుటకు చాపు చెయ్యి వెనుకకు పోయినదా? ఏండ్లతరబడి మాటలాడని తమ్మునికి ఉత్తరము వ్రాసితిమా? బిడ్డ పెండ్లిసంబంధము మాటలాడునపుడు కులమును కట్నమును నోటికి రాకుండెనా? ఆదికాలపు సంఘము అడిగినట్లే, విధవను గౌరవించితిమా, రోగిని దర్శించితిమా? ఈ ప్రశ్నలకు మన యింటివారు చెప్పు జవాబే మన ధ్యానమునకు పరీక్షాపత్రము.

సర్వాంతర్యామివగు దేవా! మేము వయస్సున పెద్దలమై జ్ఞానమున పసివారమై యున్నాము. నేర్చితిమన్న గర్వమును మా యొద్దనుండి తీసివేసి, మరల పలక పట్టు వినయమును ప్రసాదింపుము. మా మాటలసందడిలో నీ మాట వినబడుటకు కొంత మౌనము ననుగ్రహింపుము. మౌనమునుండి లేచినపుడు మా చేతులకు పని చూపుము. మేము కూర్చుండినచోట మా సోదరునికిని సోదరికిని పీట వేయు బుద్ధి నిమ్ము. తథాస్తు.